నా తొలి రివాల్వర్, రెండు నిమ్మచెక్కలు

ఈ సంగతి నేను కాగితం మీద పెట్టక తప్పని పరిస్థితి వచ్చింది. అమెరికాలో మా ఊరు ఆష్‌బర్న్‌లో ఇప్పటికే ఇది మూడు రకాలుగా ప్రచారంలో ఉంది. మొదటి రకంలో నేను నిమ్మకాయను గురిచూసి కొట్టబోయి గోడకి కన్నం పెడతాను. రెండో రకంలో మా అత్తగారు తుపాకీని ఊరగాయ జాడీలో పెడతారు. మూడో రకంలో పోలీసులు మా ఇంటికి వచ్చి, పులిహోర తిని, డబ్బాలో కట్టించుకుని మరీ వెళ్తారు. మూడింటిలోనూ నిజం లేదు. మూడింటిలోనూ వెధవని నేనే (ఇది మాత్రం నిజానికి కొంత దగ్గర). మొన్నొక సీమంతంలో, నాకు ముక్కూమొహం తెలియని ఒకావిడ ఈ కథని నాకే చెప్పి, "పాపం ఆ భార్య ఎలా వేగుతోందో" అని నిట్టూర్చింది. పక్కనే ఉన్న మా ఆవిడ కూడా నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు విన్నాక, అసలు జరిగింది నేనే రాసిపెట్టకపోతే నా గౌరవానికి మిగిలేది ఏమీ లేదని తేలిపోయింది.

ఆ రోజుల్లో నాకు ఇరవయ్యెనిమిదేళ్ళు, లోకంలో పుస్తకానికి అందని విషయం లేదన్న గట్టి నమ్మకం. నేను అమెరికాకి పరీక్షలు రాసో, కంపెనీ పంపిస్తేనో రాలేదు. పెళ్ళికొడుకు కోటాలో వచ్చాను. మా ఆవిడ పన్నెండో ఏటనే అమ్మానాన్నలతో ఇక్కడికి వచ్చి, చదువుకుని, సిటిజన్ అయిపోయింది. ఆ పుణ్యాన నాకూ గ్రీన్‌కార్డు చేతికొచ్చింది. నా చదువు పాలిటెక్నిక్ డిప్లొమా. ఉద్యోగం ఒక డేటా సెంటర్‌లో, కంప్యూటర్లు వేడెక్కకుండా చల్లగాలి మిషన్లని కనిపెట్టుకుని ఉండటం. (అవి నేను చూడకపోయినా చల్లగానే ఉండేవి. ఆ విషయం మేనేజర్‌కి చెప్పలేదు.) డిగ్రీలున్న తెలుగువాళ్ళ మధ్య డిప్లొమావాడికి మిగిలిన గౌరవం ఒక్కటే: లైబ్రరీ కార్డు. మా ఊరి లైబ్రరీలో కౌంటర్ దగ్గరుండే కళ్ళజోడమ్మ ఒకేసారి ఎన్ని పుస్తకాలు ఇస్తే అన్నీ తెచ్చేవాణ్ణి. ట్యాపు బాగుచెయ్యడం, చదరంగం, నక్షత్రాల పేర్లు, అన్నీ అక్కడే నేర్చుకున్నాను. ఈత కూడా పుస్తకంలోనే నేర్చుకున్నాను. నీళ్ళలోకి దిగాక ఆ పేజీలు గుర్తు రాలేదు, అది వేరే విషయం.

ఒకరోజు గడియారాల రిపేరు పుస్తకం కోసం వెతుకుతుంటే, పక్కన ఎవరో తప్పుగా పెట్టిన పుస్తకం ఒకటి చేతికి తగిలింది. తెరిస్తే నిలువునా కోసిన రివాల్వర్ బొమ్మ. ట్రిగ్గర్ లాగితే చిన్న కొక్కెం లేచి తూటాలుండే సిలిండర్‌ని సరిగ్గా ఒక్క గది తిప్పుతుంది, ఇంకో చిన్న బుడిపె కిందనుంచి వచ్చి దాన్ని ఆపుతుంది, అదే క్షణంలో సుత్తి పడుతుంది. బ్యాటరీ లేదు, సాఫ్ట్‌వేర్ లేదు, అప్‌డేట్ అడగదు. గడియారాలన్నిటినీ అక్కడే వదిలేసి ఆ పుస్తకం తెచ్చుకున్నాను. ఇక్కడ ఒక మనవి. నేను బొద్దింకని చంపలేక అట్టముక్కతో బయటికి పంపేవాణ్ణి. నాకు కావాల్సింది కాగితం మీద గుండ్రాలని గురిచూసి కొట్టడం, ఆ యంత్రాన్ని తుడిచి దాచుకోవడం, వచ్చినవాళ్ళకి చూపించి గంటసేపు మాట్లాడటం. మూడోది మొదటి రెండిటికంటే ముఖ్యం.

మా ఆవిడకి చెప్పాను. ఆమె లాప్‌టాప్ మూసింది. (ఆమె లాప్‌టాప్ మూస్తే విషయం సీరియస్ అని లెక్క.)

"నువ్వా? కుక్కర్ విజిల్ వేస్తే ఎగిరిపడతావు నువ్వు."

"అది సడన్‌గా వేస్తుంది. ఇది నేను లాగితేనే మోగుతుంది."

"ఎందుకిప్పుడు? ఎవరన్నా ఏమన్నా అన్నారా ఆఫీస్‌లో?"

"ఛ ఛ. ఇది కలెక్షన్. టార్గెట్ షూటింగ్. ఒక క్రాఫ్ట్."

ఆమె మూడు షరతులు పెట్టింది. ఒకటి, కొనేముందు క్లాస్ తీసుకోవాలి. రెండు, వస్తువు కంటే ముందు ఇంటికి సేఫ్ రావాలి, తుపాకీ మన చేతిలోనన్నా ఉండాలి, సేఫ్‌లోనన్నా ఉండాలి, మధ్యలో ఇంకో చోటు లేదు. మూడు, ఒక్కటే. "ఒక్కటుంటే కలెక్షన్ ఎలా అవుతుంది?" అన్నాను. "భార్య ఒక్కతే ఉన్నా ఫ్యామిలీ అంటారుగా" అంది. అక్కడితో చర్చ ముగిసింది.

ఒక్కటే అన్నప్పుడు ఆ ఒక్కటి ఎంచుకోవడం సామాన్యమా? నాలుగు నెలలు చదివాను. నలభై పుస్తకాలు. పచ్చ అట్ట నోట్సు ఒకటి పెట్టి, క్యాలిబర్ (తూటా లావు), గొట్టం పొడవు, బరువు, ట్రిగ్గర్ బిగువు, ఉక్కు, నీలిపూత అంటూ తలా ఒక అధ్యాయం రాశాను. నీలిపూత అంటే రంగు కాదు. ఉక్కు పైపొరనే రసాయనంతో మార్చి, తుప్పు పట్టకుండా, నేరేడుపండు నిగనిగలో నల్లటి నీలంగా చెయ్యడం. పాత రివాల్వర్‌కి అందమూ విలువా సగం దానిలోనే ఉంటాయి. ఈ మాట ఆ నాలుగు నెలల్లో నేను ఎంతమందికి చెప్పానో నాకే తెలియదు. తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్కుల్లో నేను ప్లేటు పట్టుకుని వస్తుంటే మనుషులకి హఠాత్తుగా పిల్లలు జ్ఞాపకం వచ్చేవారు. కదలకుండా నిలబడి విన్నవాడు ఒక్కడే, మా డేటా సెంటర్‌లో కేబుళ్ళు లాగే కరీంనగర్ మిత్రుడు, కేబులన్న. అతను కూడా ఒకరోజు చికెన్ ముక్క కొరుకుతూ అడిగేశాడు.

"అన్నా, గిదంతా మంచిగనే ఉంది గని, ఒక్కసారన్న పేల్చినవా?"

"పేల్చడం చివరి అధ్యాయం."

"సినిమా మొత్తం ట్రైలర్‌ల జెప్పినవు గదనే!"

నా నోట్సు తేల్చిన తీర్పు ఏమిటంటే, మొదటి రివాల్వర్ పెద్ద తూటాది, ఆరంగుళాల గొట్టంది, బరువైనది, సరికొత్తది అయ్యుండాలి. ఆ తీర్పు పట్టుకుని క్లాస్‌కి వెళ్ళాను. ఊరి బయట షూటింగ్ రేంజ్‌లో నేర్పేది యాభై దాటిన ఒకావిడ, పొట్టి జుట్టు, గట్టి గొంతు. మనసులో ఆమెకి టీచరమ్మ అని పేరు పెట్టాను. గొట్టం ఎప్పుడూ సురక్షితమైన దిక్కుకే, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఖాళీయో కాదో తెరిచి చూడాలి. అవన్నీ ఆమె కంటే ముందు నేనే అప్పజెప్పాను. "శభాష్, ఇప్పుడు నోరు మూసి చేతులు చూపించు" అంది. నా తీర్పులో ఉన్న పెద్ద రివాల్వర్‌నే అద్దెకి ఇచ్చి పట్టుకోమంది. నా చూపుడు వేలు ట్రిగ్గర్ దాకా సరిగ్గా అందలేదు. నలభై పుస్తకాలు చదివినవాణ్ణి, నా చెయ్యి ఎంతుందో కొలుచుకోలేదు.

అయినా పట్టుబట్టి ఒకటి పేల్చాను. పేలకముందే కళ్ళు మూసుకున్నాను, పేలాక తెరిచాను. కాగితం మాయం. తూటా పోయి పోయి కాగితాన్ని పట్టుకున్న క్లిప్పుకి తగిలింది, కాగితం నెమ్మదిగా ఊగుతూ నేల మీదికి దిగింది. పక్క లేన్లో ఉన్న పెద్దమనిషి నేను కావాలనే కొట్టాననుకుని చప్పట్లు కొట్టాడు. ఆయన్ని నిరుత్సాహపరచడం ఎందుకని తల కొద్దిగా వంచాను. టీచరమ్మ మాత్రం ఆ రివాల్వర్ నా చేతిలోంచి తీసుకుని, ఇరవై రెండు క్యాలిబర్‌ది ఒకటి పెట్టింది. సన్నటి తూటా, చిన్న చప్పుడు, చేతికి దెబ్బే తెలియదు. "మొదలుపెట్టే ప్రతివాడూ దీంతోనే మొదలుపెట్టాలి, నువ్వు మరీనూ" అంది. నా నోట్సులో దాని పక్కన 'పిల్లలకి' అని రాసుకున్న సంగతి ఆమెకి చెప్పలేదు. ఆ పిల్లల తుపాకీతోనే ఆ రోజు ఆరింటిలో నాలుగు కాగితానికి తగిలాయి. ఇంటికి వెళ్ళి నాలుగు నెలల తీర్పు కొట్టేశాను.

తర్వాతి వారం టీచరమ్మే ఒక కబురు చెప్పింది. ప్రతి గురువారం రేంజ్‌కి ఒక ముసలాయన వస్తాడు. నలభై ఏళ్ళు ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసినవాడు. కూతురి దగ్గరికి అరిజోనా వెళ్ళిపోతూ, తన దగ్గరున్న పాత రివాల్వర్లు ఒక్కొక్కటే మనిషిని చూసి అమ్ముతున్నాడు. ఒక్కటి మాత్రం మిగిలింది, ఇరవై రెండు క్యాలిబర్, ఆరంగుళాల గొట్టం, ఆయన కంటే పెద్ద వయసుది. దానికోసం వచ్చిన ఇద్దరిని ఇప్పటికే తిప్పి పంపాడు.

గురువారం తాత (ముసలాయనకి నేను పెట్టిన పేరే) అట్టపెట్టె మూత తీసిన క్షణం నాకింకా కళ్ళముందే ఉంది. ఆ నీలం చూశాక నా నోరు ఆగలేదు. ఆ మోడల్ ఎందుకు తయారు చేశారో, ఆ నీలం కోసం ఉక్కుని ఎంతసేపు నునుపు పట్టేవారో, మధ్యలో ఏ స్క్రూ ఎందుకు మారిందో, నలభై నిమిషాలు చెప్పాను. ఆయన ఆవలించలేదు, మెచ్చుకోలేదు. అంతా అయ్యాక "మంచిది. తెరువు" అన్నాడు.

సిలిండర్ తెరవడానికి పక్కన ఒక బొత్తాం ఉంటుంది. ఒక కంపెనీవాటికి ముందుకి తొయ్యాలి, ఇంకో కంపెనీవాటికి వెనక్కి లాగాలి. రెండూ నా నోట్సులో ఉన్నాయి. నేను పైకి ఎత్తాను. అది రాలేదు. చివరికి ఎలాగో తెరుచుకున్నాక, మణికట్టుతో ఒక్క ఊపు ఊపి సినిమా హీరోలా టక్కున మూశాను. అలా మూస్తే లోపలి ఇరుసు వంగుతుందనీ, అంతకంటే పాపం లేదనీ నలభై పుస్తకాల్లో కనీసం ముప్పై చెప్పాయి. తాత దాన్ని నా చేతిలోంచి తీసి, పెట్టెలో పెట్టి, మూత వేసి, "వచ్చే గురువారం" అన్నాడు.

అలా అయిదు గురువారాలు తిరిగాను. తెరవడం, రెండు చేతులతో మెల్లగా మూయడం, తుడవడం, నూనె చుక్క ఎక్కడ వెయ్యాలి, ఎక్కడ వెయ్యకూడదు. పేల్చడానికి ఆరో వారంగానీ ఇవ్వలేదు. పెళ్ళిచూపుల్లో మా ఆవిడ తరఫువాళ్ళు కూడా నన్ను ఇంతలా పరీక్షించలేదు. ఆరో గురువారం ఒప్పుకున్నాడు. తుపాకుల షాపులో కాయితాలు, చెకింగులు అన్నీ పద్ధతి ప్రకారం అయ్యాక పెట్టె నా చేతిలో పెడుతూ, మూత లోపల అంటించిన ఒక చిన్న అట్ట చూపించాడు. దాని మీద ఇప్పటిదాకా ఆ రివాల్వర్ ఎవరెవరి దగ్గర ఉందో వాళ్ళ పేర్లు, ఎవరి చేతిరాతతో వాళ్ళవి కాదు, ముందటి మనిషి రాసినవి. మూడు పేర్లు. మూడోది ఆయనది. కింద ఒక గీత ఖాళీ.

నేను పెన్ను తీసి ఇచ్చాను. ఆయన తీసుకోలేదు. "కొన్నవాడి పేరు రసీదు మీద ఉంటుంది. ఇక్కడ రాసేది చూసుకునేవాడి పేరు. వచ్చే గురువారం నాకిక్కడ ఆఖరి రోజు. పట్టుకురా, ఒక వారం నీ దగ్గర ఎలా ఉందో చూసి అప్పుడు రాస్తాను" అన్నాడు.

డిప్లొమా సర్టిఫికెట్ తర్వాత నా పేరు ఎక్కడైనా ఇంకొకరి చేత్తో రాయించుకోవాలని అంతగా తహతహలాడింది అప్పుడే. వారం రోజులే కదా, సేఫ్‌లో పెట్టిన ఉక్కుముక్కకి ఏమవుతుంది?

ఆ వారంలోనే నవరాత్రులు. డబ్లిన్‌లో (కాలిఫోర్నియా డబ్లిన్) పెద్దకూతురి దగ్గర ఉండే మా అత్తగారు పండక్కి మా ఇంటికి వచ్చి ఉన్నారు. ఆవిడ అమెరికాలో పదహారేళ్ళుగా ఉంటున్నా ఇంగ్లీషు మాట్లాడగా నేను వినలేదు. ఆదివారం మహర్నవమి, ఆయుధపూజ. పొద్దున్నే రెండు కార్లకి, గడ్డి కోసే మిషన్‌కి, డ్రిల్లుకి, మిక్సీకి, మా ఆవిడ లాప్‌టాప్‌కి (దూరం నుంచి అక్షింతలు) పూజ అయింది. కూరల కత్తికి బొట్టు పెడుతూ ఆవిడ ఆగి నన్ను చూశారు.

"అల్లుడుగారూ, ఇంట్లో అసలైన ఆయుధం పెట్టుకుని, వంకాయలు తరిగే కత్తికి ఆయుధపూజ చెయ్యడం ఏమన్నా బాగుందా?"

తర్కం బాగానే ఉంది. పైగా అప్పటికే హాల్లో ఇద్దరు ముగ్గురు దంపతులు, కేబులన్న కుటుంబం కూర్చుని ఉన్నారు. శ్రోతలున్న చోట నేను వెనక్కి తగ్గే మనిషిని కాదు. సేఫ్ తెరిచాను. సిలిండర్ తెరిచి ఆరు గదులూ ఖాళీ అని నేను చూసి, మా ఆవిడకి చూపించి, కేబులన్నకి కూడా చూపించాను. గొట్టం గోడవైపు తిప్పి ఇత్తడి పళ్ళెంలో పెట్టాను. తర్వాత పనిముట్టుకి మనిషి మొక్కడం గురించి ఒక పదిహేను నిమిషాల ఉపన్యాసం. అది సాగుతుండగానే అత్తగారు నిమ్మకాయ రెండు చెక్కలు కోసి, కుంకుమలో అద్ది అందించారు. కిందొక చెక్క, పైనొక చెక్క. పైది జారిపోతుంటే నేనే బొటనవేలితో గట్టిగా నొక్కి కూర్చోబెట్టాను. రసం నీలం మీద జారింది. దీపం వెలుగులో ఎంత బాగుందంటే అందరూ ఫోటోలు తీసుకున్నారు.

హారతి అయ్యాక చిన్న చిక్కు వచ్చింది. "ఇక రేపు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు, తుడవకూడదు" అన్నారు అత్తగారు. "చేతిలోనన్నా ఉండాలి, సేఫ్‌లోనన్నా ఉండాలి" అంది మా ఆవిడ. తల్లీకూతుళ్ళ మధ్య అల్లుడు ఏ పుస్తకం చదివినా నెగ్గడు. నేను ఇద్దరి మాటా నిలబెట్టాను. పళ్ళెం పళ్ళెంగా, నిమ్మచెక్కలతో, కుంకుమతో, తడిపూలతో సహా రివాల్వర్‌ని సేఫ్‌లో పెట్టి తలుపు వేశాను. గాలి చొరబడని ఇనప్పెట్టె అది. నా సమయస్ఫూర్తికి నేనే మురిసిపోయి రెండోసారి పులిహోర పెట్టించుకున్నాను.

సోమవారం ఉద్వాసన చెప్పి చెక్క తీస్తే, దాని కింద నీలం లేదు. తెల్లటి ఉక్కు, సరిగ్గా నిమ్మచెక్క ఆకారంలో, తొనలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా. చుట్టూ నారింజరంగు తుప్పు, లేసు అల్లినట్టు. తిప్పి చూశాను. రెండోవైపు అచ్చం దాని కవల.

నేను నేల మీద కూర్చుండిపోయాను. "నలభై పుస్తకాలు చదివాను. రివాల్వర్‌కి నిమ్మకాయ పెట్టకూడదని ఒక్కడంటే ఒక్కడు రాయలేదు" అన్నాను. అమెరికన్ రచయితల బాధ్యతారాహిత్యం మీద ఇంకా కొంత మాట్లాడాను. మా ఆవిడ వెళ్ళి పచ్చ నోట్సు తెచ్చింది. నీలిపూత అధ్యాయం తీసింది. చదివింది. ఒక పేజీ నా ముందు పెట్టింది.

"ఇది నీ హ్యాండ్‌రైటింగే కదా?"

'సిట్రిక్ ఆమ్లం తగలనివ్వరాదు. నిమిషాల్లో నీలిపూత పోవును.' ఎర్ర సిరాతో రెండుసార్లు కింద గీత కూడా గీసి ఉంది.

ఇంతకంటే ఘోరమైన పరిస్థితి చదువుకున్నవాడికి ఉండదు. నాకు సిట్రిక్ ఆమ్లం తెలుసు. అది పుస్తకంలో ఉంటుంది, ఇంగ్లీషు మాట్లాడుతుంది, ప్రయోగశాలలో సీసాలో కూర్చుంటుంది. నిమ్మకాయ కూడా తెలుసు. అది ఫ్రిజ్‌లో ఉంటుంది, కారు చక్రం కింద ఉంటుంది, అత్తగారి చేతిలో ఉంటుంది. ఈ రెండూ ఒకే మనిషని అప్పటిదాకా ఎవరూ నాకు పరిచయం చెయ్యలేదు.

గురువారానికి మూడు రోజులే ఉన్నాయి. షాపులో దొరికే నీలం పూసే ద్రవం తెచ్చి పూశాను. మచ్చ మాయం కాలేదు, రోగమొచ్చిన వంకాయ రంగుకి మారింది. కేబులన్న ఫోన్‌లో ఫోటో చూసి, "పర్మనెంట్ మార్కర్ కొట్టన్నా, ముసలాయనకి ఏం కనవడ్తది" అన్నాడు. (ఒక్క క్షణం మార్కర్ వెతికానని ఒప్పుకుంటున్నాను.) ఇంతలో వంటింట్లోంచి అత్తగారు చేతిలో ఏదో ముద్ద పట్టుకుని వచ్చారు.

"బెంగెట్టుకోకండి బాబూ. కాస్త చింతపండు పెట్టి తోమితే దేవుడి గిన్నెల్లా తళతళలాడిపోతుంది."

"అమ్మా! అక్కడే ఆగు!" అని మా ఆవిడ అడ్డం పడింది. ఆ రోజు మా ఆవిడే లేకపోతే మిగిలిన నీలం కూడా తళతళలాడేది.

అబద్ధాలు కొన్ని తయారు చేసుకున్నాను. పైకప్పు కారింది. జ్వరమొచ్చింది. ఆ గురువారం నాకు డ్యూటీ ఉంది. అసలు వెళ్ళకపోతే ఆయన అరిజోనా వెళ్ళిపోతాడు, అట్ట మీద గీత ఖాళీగా ఉండిపోతుంది, అంతే కదా అని కూడా అనుకున్నాను. ఆ గీత వైపు చూసినప్పుడల్లా అంతే అనిపించలేదు. గురువారం నేను తుప్పు తుడిచి నూనె పట్టించిన రివాల్వర్‌ని పెట్టెలో సర్దుతుంటే అత్తగారు పట్టుచీర కట్టుకుని, సున్నుండల డబ్బాతో కారులో ముందే కూర్చుని ఉన్నారు. "తప్పులో సగం నాది. సగం నేను చెప్పుకుంటాను" అన్నారు.

రేంజ్ ముందుగదిలో బల్ల దగ్గర తాత ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పెట్టె తెరిచాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వేలితో ఆ వంకాయరంగు తొనలని తడిమాడు. టీచరమ్మ వచ్చి చూసి, కాఫీ తెచ్చుకోవడానికి వెళ్ళిపోయింది.

"ఏమిటిది?" అన్నాడు తాత.

అత్తగారు తెలుగులో మొదలుపెట్టారు. "సంవత్సరానికి ఒక్కరోజు మనకి అన్నం పెట్టే పనిముట్లకి దండం పెట్టుకుంటామని చెప్పండి బాబూ. ఆ రోజు వాటికి సెలవిస్తాం, ముట్టుకోం. నిమ్మకాయ నేను కోశాను, మీరు పెట్టారు. తప్పు ఇద్దరిదీ అని చెప్పండి."

నేను చాలా హుందాగా అనువదించాను. "గడ్డి మిషన్ దాకా అన్ని పనిముట్లకీ పూజ చెయ్యడం మా ప్రాచీన సంప్రదాయం, దీనికి నిమ్మకాయ పెట్టాం. పెద్దావిడ కదా, రసాయనాల సంగతి ఆవిడకి తెలియదు. దయచేసి తనని క్షమించమని కోరుతోంది."

అత్తగారు నావైపు తిరిగారు. పదహారేళ్ళలో మొదటిసారి ఇంగ్లీషు బయటికొచ్చింది. "నో నో. బోత్ పీపుల్ మిస్టేక్. ఐ కట్. హీ ప్రెస్. వెరీ హార్డ్ ప్రెస్." అని బొటనవేలు బల్ల మీద నొక్కి మరీ చూపించారు. తర్వాత నాతో నెమ్మదిగా, "నాకు ఇంగ్లీషు వచ్చు బాబూ. అవసరం రాక ఊరుకున్నాను" అన్నారు.

గురువారం తాత నావైపు చూశాడు. "గడ్డి మిషన్‌కి కూడా పెట్టారా నిమ్మకాయ?"

"పెట్టాం."

"దానికేం కాలేదే?"

"దానికి రంగు ఉంటుంది కదా. దీనిది నీలిపూత, ఆమ్లం తగిలితే..." అని, అక్కడ ఆగిపోయాను.

"ఆ. నాకు నలభై నిమిషాలు చెప్పావు నీలిపూత గురించి" అన్నాడు. "ఆవిడ తెలియక చేసింది. నువ్వు తెలిసి చేశావు."

"అవును. అనువాదం కూడా తప్పు చెప్పాను" అన్నాను. అన్ని నెలల్లో ఒక విషయం గురించి నేను మాట్లాడిన అతి చిన్న మాట అదే అయ్యుంటుంది.

ఆయన డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. సున్నుండ ఒకటి తీసుకుని తిన్నాడు. తర్వాత అత్తగారిని అడిగాడు, ఫ్యాక్టరీల్లో కూడా చేస్తారా ఇలా, లేత్ మిషన్లకి? "ఎస్ ఎస్. బిగ్ మిషన్, బిగ్ గార్లెండ్. ఫుల్ హాలిడే" అన్నారావిడ. "సెలవా? దానికా?" అని ఆయన నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదలు. "నా లేత్‌కి నలభై ఏళ్ళలో ఒక్కరోజు ఇవ్వలేదు వెధవలు" అన్నాడు.

రివాల్వర్ తీసుకుని లోపలికి వెళ్ళి ఆరు పేల్చాడు. ఆరూ నల్లటి గుండ్రంలోనే. తిరిగివచ్చి తుడిచి పెట్టెలో పెట్టాడు. "ఎవరైనా బాగుచేస్తామంటే చేయించకు. దాచుకునేవాళ్ళకి ఇదిక పనికిరాదు, ఇన్నేళ్ళూ నీలం చెడుతుందన్న భయంతోనే నేను సరిగ్గా పేల్చలేదు దీన్ని. నువ్వు పేల్చు" అన్నాడు. అప్పుడు జేబులోంచి పెన్ను తీశాడు.

నేను బల్ల మీదికి వంగి చూశాను. ముందు మూతలోని అట్ట మీద, ఇంజినీరింగ్ డ్రాయింగుల్లో రాసే పెద్దక్షరాలతో ఒక మాట రాశాడు: 'రెండు పక్కలా మచ్చలు. నిమ్మకాయ. మర్యాదతో చేసినది. చెరపరాదు.' ఆ తర్వాత దాని కింద నా పేరు. స్పెల్లింగ్ అడక్కుండానే తప్పుల్లేకుండా రాశాడు. ఆరు గురువారాలుగా సంతకాల పుస్తకంలో చూసి పెట్టుకున్నాడట.

ఇందులో నాకు సాయపడ్డవాళ్ళకి నమస్కారాలు చెప్పుకుని సెలవు తీసుకుంటాను. ముందు నా నోరు మూయించిన టీచరమ్మకి. మార్కర్ సలహా ఇచ్చి, అది నేను పాటించలేదని ఇప్పటికీ నొచ్చుకునే కేబులన్నకి. నలభై పుస్తకాలు ఇచ్చి ఎందుకని ఒక్కసారీ అడగని లైబ్రరీ కళ్ళజోడమ్మకి. ఆ రోజు పచ్చ నోట్సు తెరిచి, ఆ పేజీ సంగతి బయట ఎవరికీ చెప్పని (ఇప్పుడు నేనే చెప్పేశాను) మా ఆవిడకి. ఇప్పటికీ ప్రతి దసరాకి "ఈసారి గంధం మాత్రమే పెడదాం" అని నాకు ధైర్యం చెప్పే అత్తగారికి. అరిజోనా నుంచి ఏడాదికొకసారి 'పేలుస్తున్నావా, చదువుతున్నావా' అని కార్డు రాసే గురువారం తాతకి. ఆఖరికి, ఏ విషయమైనా నలభై నిమిషాలు తడుముకోకుండా చెప్పగలిగిన ఆ ఇరవయ్యెనిమిదేళ్ళవాడికి. వాడి మాటలు వింటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. కానీ వాడికున్నంత నమ్మకంతో నేను ఇవాళ దేని గురించీ నాలుగు ముక్కలు చెప్పలేను. అప్పుడప్పుడూ వాడంటే కొంచెం అసూయగా కూడా ఉంటుంది.